ఒక్క పన్నూ ఊడని స్టాంపు

ఆగస్టు 2, 1981. ఆదివారం

ఏడు నెలలు గడిచిపోయిన డైరీని ఎవరూ కొనరు. మా దుబాయ్ స్టాంపుల దుకాణంలో మూడు మిగిలాయి. ఖాదర్ హుస్సేన్ సార్ ఒకటి నా ముందుకు తోసి, "రాసుకో బేటీ. నోటితోని ఎట్లాగూ మాట్లాడవు," అన్నారు. ఆయన భార్య హలీమాబీ ఆంటీ టీ గ్లాసులు తీసుకెళ్తూ నవ్వింది.

కాన్వెంటులో డైరీ రాయమని సిస్టర్ బెనెడిక్టా చెప్పేది. తర్వాత తనే చదివేది. దీన్ని ఎవరూ చదవరు. మా దయక్కకు ఆసుపత్రిలో నర్సు పని నుంచి తీరిక లేదు. బావకు ఆసక్తి లేదు. సార్‌కు చూపు లేదు.

ఆ చివరి మాట రాయకుండా ఉండాల్సింది. ఉండనీ.

ఆగస్టు 4

అంతా తూకం పని. ఇక్కడి అజ్మాన్, ఫుజైరా ఎమిరేట్ల పాత స్టాంపులు, కిలో పొట్లాలు. గుర్రాలు, రాకెట్లు, సీతాకోకచిలుకలు. పైన ముద్ర ఉంటుంది, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏ ఉత్తరానికీ అంటుకోకుండానే ముద్ర పడినవి. ఎంత కొత్తగా మెరుస్తుంటే అంత దిగులేస్తుంది వాటిని చూస్తే.

కాన్వెంటుకు వచ్చేవన్నీ ప్రయాణం చేసినవే. అమ్మి మిషనరీలకు డబ్బు పంపడం కోసం ఊరూరి నుంచీ వాడిన స్టాంపులు కవరు ముక్కలతో సహా సంచుల్లో వచ్చేవి. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక వెనక వరండాలో ఎనామిల్ బేసిన్లు, గోరువెచ్చని నీళ్ళు. కాగితం తనంతట తాను వదిలేదాకా ఆగాలి. లాగకూడదు. తర్వాత పాత పేపర్ల మీద వడియాల్లా ఆరబెట్టేవాళ్ళం. ఆరాక నూరేసి చొప్పున దారంతో కట్టలు. ఆ వరండాలో జిగురూ తడి కాగితమూ కలిసి ఒక వాసన వచ్చేది. ఇక్కడ ఎంత వెతికినా ఆ వాసన లేదు.

"అంచున పన్ను విరిగినది వద్దు, మచ్చ ఉన్నది వద్దు," అనేది సిస్టర్ తన ఇటలీ తెలుగులో. "దేవునికి మంచిది ఇవ్వాలి." విరిగినవన్నీ వంటింటి పొయ్యిలోకి పోయేవి. ఎనిమిదేళ్ళు చేశానా పని. మంచిదేదో చెడ్డదేదో ఒక్క చూపుతో చెప్పేదాన్ని. సార్ నన్ను పనిలోకి తీసుకున్నది అందుకే.

ఆగస్టు 6

నాలుగింటికి దుకాణం తీయగానే సార్ మొదట అడిగేది ఫిన్లాండు ఆల్బం. అందులో పదో పేజీలో ఒక్కటే స్టాంపు. పది కోపెక్కులు, ఫిన్లాండు రష్యా కింద ఉన్న 1860 నాటిది. లేత గులాబీ కాగితం మీద ముదురు గులాబీ రంగు. కిరీటం, దాని కింద డాలు, డాలులో సింహం. ఆ కాలపు ఫిన్లాండు స్టాంపుల అంచులకు చిల్లులుండవు. పాము మెలికలు తిరిగినట్టు కోసిన అంచు అది. పక్కదాని నుంచి చింపితే నాలుకల్లాంటి పొడుగాటి పళ్ళు వస్తాయి. చింపేటప్పుడే ఒకటో రెండో ఊడతాయి. ఊడనివి ఎక్కడో గాని దొరకవు. మా దానికి అన్నీ ఉన్నాయి.

సార్ భూతద్దం కంటికి ఆనించుకుని పేజీ మీదికి వంగుతారు. ఆయనకు ఇప్పుడు అక్కడ గులాబీ మరక తప్ప ఏమీ కనిపించదు.

"ఉన్నయా?"

"ఉన్నాయి సార్."

"అన్ని?"

"అన్నీ."

"అల్లాకు షుకర్," అని ఆల్బం మూసేస్తారు. రెండేళ్ళుగా రోజూ ఇంతే.

ఆగస్టు 9

గిరాకీ లేదు. సార్ వాళ్ళ నాన్న గురించి చెప్పారు. నిజామాబాద్ అవతల ఒక చిన్న తపాలా ఆఫీసు, నిజాం కాలంలో. పోస్టుమాస్టరూ ఆయనే, గుమాస్తా ఆయనే. ముద్ర కొట్టేటప్పుడు రెండు చప్పుళ్ళు వచ్చేవట. ఒకటి సిరా మెత్త మీద, ఒకటి కవరు మీద.

"టప్, ధన్. టప్, ధన్. గా సప్పుడు ఆగితె మా అమ్మ పల్లెం పెట్టేది, అన్నం యాళ్ళయిందని. గడియారమే లేకుండె మా ఇంట్ల."

నాన్న చేతి ముద్ర పడిన కవర్లు నలభై దాకా సార్ దాచుకున్నారు. దుబాయ్ వచ్చేటప్పుడు బట్టల కంటే ముందు అవే పెట్టెలో పెట్టుకున్నారట.

ఇప్పుడవి లేవు. 1979 మార్చిలో ఫిన్లాండు ఓడ ఇంజనీరు ఒకాయన వచ్చి గులాబీ స్టాంపు చూపించాడు. బదులుగా ఆ కవర్లు అడిగాడు. డబ్బు వద్దన్నాడు. మర్నాడే ఓడ. పళ్ళన్నీ ఉన్న ఫిన్లాండు స్టాంపును జన్మలో ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలని ఇరవయ్యో ఏట నుంచీ కలగన్న మనిషి సార్. అప్పటికే చూపు మసక. నన్ను చూడమన్నారు. చూశాను. పళ్ళన్నీ ఉన్నాయన్నాను.

ఉన్నాయి కూడా.

ఆగస్టు 14, శుక్రవారం

చర్చిలో పూజ అయ్యాక దుకాణానికి వెళ్ళాను. నిన్నటి నుంచి కరెంటు లేదట. ఏసీ ఆగిపోయి గోడలకు చెమట పట్టింది. ఆగస్టు తేమ లోపలికి వచ్చి కూర్చుంది. కాగితాలన్నీ అప్పడాల పిండిలా మెత్తబడ్డాయి. అజ్మాన్ గుర్రాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కరెంటు వచ్చాక ఆల్బంలన్నీ తెరిచి ఫ్యాను కింద పెట్టాను. ఫిన్లాండు ఆల్బం కూడా.

అన్నీ బాగున్నాయి.

ఆగస్టు 15

అన్నీ బాగున్నాయి.

ఆగస్టు 17

"ఉన్నయా?"

"ఉన్నాయి సార్."

ఆగస్టు 19

దయక్క శుభవార్త తెచ్చింది. తను పనిచేసే కంటి వార్డులో సార్‌కు తేదీ దొరికింది. సెప్టెంబరు అయిదున శుక్లం తీస్తారు. ఆరు వారాల తర్వాత మందపు అద్దాలు. అప్పుడు పత్రిక అక్షరాలు కూడా చదవొచ్చట. అక్క దుకాణానికే వచ్చి చెప్పింది.

"కన్ను తెరిచినంక ముందుగాల ఎవరిని చూస్తనో తెలుసా?" అన్నారు సార్.

"ఇంకెవరిని, నన్నే," అంది హలీమాబీ ఆంటీ.

"నిన్ను ముప్పై ఏండ్ల సంది చూస్తనే ఉన్న. ముందు నా ఫిన్లాండును చూస్త."

అందరూ నవ్వారు. నేను ఆల్బంలు సర్దుతున్నాను.

ఆగస్టు 21, శుక్రవారం

పాపసంకీర్తనానికి వెళ్ళాను. అక్క మీద విసుక్కున్నానని చెప్పాను. ప్రార్థనలో మనసు చెదిరిందని చెప్పాను. ఫాదర్ "ఇంకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. లేదన్నట్టు తలూపాను. చీకటి పెట్టె. తలూపితే ఆయనకు కనబడదు. అయినా కాసేపు ఆగి, క్షమాపణ మంత్రం చదివారు.

ఆగస్టు 23

పద్నాలుగో తారీఖున రాసింది అబద్ధం. నాకోసం రాసుకునే పుస్తకంలో అబద్ధం ఎందుకు రాశానో తెలియదు.

ఆ రోజు తేమకు గులాబీ స్టాంపు కింది అంచున ఒక పన్ను లేచింది. చీమ రెక్కంత. పట్టకారుతో ముట్టుకుంటే ఊగింది. దాని మొదట్లో వెంట్రుకలాంటి గీత, తడిసిన జిగురు. పక్కది కూడా అంతే. మూల దగ్గర ఇంకొకటి. వేరే స్టాంపు నుంచి కోసి తెచ్చి అతికించిన పళ్ళు. మూడు. బొటనవేలు పెట్టి నొక్కాను. నూరు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకున్నాను. మళ్ళీ అంటుకున్నాయి.

ఇది కూడా రాయాలి. ఓడ ఇంజనీరు వచ్చిన రోజు సార్ నన్ను ఒక్కటే అడిగారు. "బెంజీన్‌ల చూసినవా?" స్టాంపును నల్ల పళ్ళెంలో బోర్లా వేసి బెంజీన్ పోస్తే అతుకులు నల్లటి గీతల్లా బయటపడతాయి. సార్ నాకు నేర్పిన మొదటి పని అదే. ఆ రోజు నేను పోయలేదు. ఏడో తరగతిలో ఒక ఎర్ర స్టాంపు నా బేసిన్‌లో రంగు వదిలేసింది. నీళ్ళన్నీ ఎర్రబడి, మిగిలిన స్టాంపులన్నిటికీ మరకలు పట్టాయి. సిస్టర్ వచ్చి చూసింది. బేసిన్ ఎత్తుకెళ్ళి మందార మొదట్లో కుమ్మరించింది. బెంజీన్‌కు రంగు పోదని సార్ వందసార్లు చెప్పారు. నాకు తెలుసు. అయినా ఆ గులాబీ రంగు మీద ఏ తడీ పోయలేకపోయాను.

అదొక్కటే కారణమా? కాదు. పన్ను విరగలేదు, మచ్చ లేదు. సిస్టర్ నేర్పిన కంటికి అంతకంటే మంచిది ఉండదు. అంత మంచిదాన్ని అనుమానించడం మర్యాద కాదనిపించింది. ఈ జాతి స్టాంపులో పళ్ళన్నీ ఉండటమే అనుమానించాల్సిన సంగతని పుస్తకంలో చదివి కూడా.

సార్ అడిగినప్పుడు తలూపాను.

అవునని అనలేదు. తలూపాను.

ఆగస్టు 27

చెప్పాలి. ఎప్పుడు? పెద్దాయనకు షుగరు ఉంది, ఆపరేషన్ అయ్యేదాకా మనసు కుదురుగా ఉండాలి అంది అక్క. నేనేమీ అడగలేదు. తనే అంది. కాబట్టి ఇప్పుడు చెప్పకూడదు.

సెప్టెంబరు 5

షుగరు ఎక్కువగా ఉందని ఆపరేషన్ వారం వాయిదా వేశారు. సార్ మంచం మీద కూర్చుని చేతికర్ర తడుముకుంటున్నారు. "ఒక వారమే గదా," అని తనే ఆంటీకి ధైర్యం చెబుతున్నారు.

నాకు సంతోషం కలిగింది. రాసేశాను. కొట్టెయ్యను.

సెప్టెంబరు 12

ఆపరేషన్ బాగా జరిగింది. అక్క ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మోకరించి స్తోత్రం చెప్పింది. నన్నూ మోకరించమంది. మోకరించాను.

ఆరు వారాలు దగ్గకూడదు. వంగకూడదు. బరువెత్తకూడదు. "ముఖ్యంగా ఏడవకూడదే మేరీ. పెద్దాయన సంతోషం పట్టలేక ఏడ్చేట్టున్నాడు, నువ్వు కాస్త కబుర్లు చెప్పి నవ్విస్తుండు," అంది.

ఏడవకూడదంటే చెప్పకూడదు. ఆరు వారాలు.

సెప్టెంబరు 22

దుకాణంలో ఒక్కదాన్నే. ఆల్బం తెరిచాను. మధ్య పన్ను కొస మళ్ళీ లేచింది. అతికించినవాడు గోధుమ జిగురు వాడినట్టున్నాడు. కాన్వెంటులో చిరిగిన పాటల పుస్తకాలకు మేం గంజి వాడేవాళ్ళం. పల్చటి గంజి, కుంచె వెంట్రుక ఒక్కటి. నేనైతే ఇంతకంటే బాగా అతికించగలను.

ఈ మాట రాశాక లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

అక్టోబరు 1

కాన్వెంటు వరండా గుర్తొస్తోంది పదేపదే. పొయ్యిలోకి పోయిన స్టాంపులు గుర్తొస్తున్నాయి. ఎంత దూరం నుంచి వచ్చాయో అవి. ఒక పన్ను లేదని చేటలో ఎత్తి పోసేదాన్ని. అందులో ఎన్ని ఫిన్లాండువో.

అక్టోబరు 9, శుక్రవారం

నిన్న బక్రీదు. ఆంటీ పంపిన బిర్యానీ ఇంట్లో ఇంకా ఉంది.

దుకాణానికి పర్శరాములు వచ్చాడు. అల్ కుసైస్ కూలీల క్యాంపులో ఉంటాడు. నెలకో శుక్రవారం భార్య సాయవ్వకు ఉత్తరం రాయించుకుంటాడు. ఎప్పుడూ ఒకటే ఉత్తరం. నేను మంచిగున్న, నువ్వు మంచిగుండు. పోయిన నెల రాలేదు. ఇవాళ చంకలో కర్ర, ఎడమ కాలికి మోకాలి దాకా పిండికట్టు. పరంజా మీద నుంచి పడ్డాడట.

"ఎప్పట్లాగే రాయనా?" అన్నాను.

"వద్దక్కా. గీసారి కాలు సంగతి రాయి."

"భయపడుతుందేమో."

"భయపడ్తది. ఏడుస్తది. నన్ను తిడ్తది గూడ, ఊరంత ఇనబడ్తది." నవ్వాడు. "ముదీర్, అదే మా కంపెనీ పెద్ద సారు, సెలవిచ్చిండు. వచ్చే నెల పోతున్న. నేను బస్సు దిగి కుంటుకుంట నడుస్తె అప్పుడు చూస్తది గదా. చూసినంక చెప్పుడేందక్కా? అది చెప్పినట్టు గాదు, దొరికినట్టు."

నేను రాయడం ఆపాను.

"ఏమైందక్కా, సిరా ఖలాస్ అయిందా?"

లేదన్నాను. రాశాను. అతను చెప్పిన మాటలు చెప్పినట్టే రాశాను. చివర వేలిముద్ర వేసి, "నేను పోకముందే తిట్లు వస్తయి, నువ్వే చదివి ఇనిపియ్యాలె," అని వెళ్ళాడు.

అక్టోబరు 10

చెప్పలేదు.

అక్టోబరు 13

చెప్పలేదు. సార్ నల్లద్దాల వెనక నుంచి "ఉన్నయా?" అన్నారు. నేను దగ్గాను.

అక్టోబరు 17

డాక్టరు చూశాడు. కన్ను కుదుటపడింది. అద్దాలు వచ్చే శనివారం వస్తాయి. "ఇక ఏడ్చినా ఏం కాదు ఆయనకి," అని అక్క నవ్వింది.

కారణాలన్నీ అయిపోయాయి.

అక్టోబరు 18, ఆదివారం

చెప్పాను.

సార్ దుకాణం పైనున్న గదిలో కిటికీ పక్కన కూర్చున్నారు. ఆంటీ వంటింట్లో ఉంది. నేను నిలబడే ఉన్నాను.

"సార్, ఫిన్లాండు గురించి చెప్పాలి."

"శనివారం నేనే చూస్తున్న గదా. ఇగ నువ్వు చెప్పేదేమున్నది?"

"మీరు చూడకముందే చెప్పాలి."

ఆయన ముఖం నావైపు తిరిగింది.

"మూడు పళ్ళు అతికించినవి సార్. కింది అంచున రెండు, మూల దగ్గర ఒకటి. ఆగస్టులో తేమకు లేచాయి. నొక్కి పెట్టాను."

"ఎవరు నొక్కిండ్రు?"

"నేనే."

చేతికర్రను దగ్గరికి లాక్కున్నారు. వేళ్ళు దాని మీద కదులుతున్నాయి.

"ఆ దినం అడిగిన గదా, బెంజీన్‌ల చూసినవా అని. తలకాయ ఊపినవు."

"ఊపాను. చూడలేదు."

వంటింట్లో కుక్కరు కూసింది. అది ఆగేదాకా ఆగి, మెల్లగా అన్నారు.

"నీ తలకాయ ఊపుడు మీద మా అబ్బాజాన్‌ను ఇచ్చేసిన."

ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. నేను మెట్లు దిగుతుంటే ఆంటీ, "టీ తాగి పో బేటీ," అంది వెనక నుంచి. ఆగలేదు.

సార్ ఏడవలేదు. నేను వీధి మలుపు దాకా వచ్చి, రొట్టెల కొట్టు పక్కన నిలబడి ఏడ్చాను.

అక్టోబరు 19

దుకాణానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని అక్కకు చెప్పాను. మళ్ళీ అబద్ధం. అరగంట తర్వాత నిజం చెప్పాను. అక్క నావైపు తిరిగి, "రెండేళ్ళ నుంచి మోస్తున్నావా?" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అక్టోబరు 21

హలీమాబీ ఆంటీ వచ్చింది. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూలబడింది.

"ఏమన్నవు బేటీ ఆయనను? మూడు దినాలాయె. సగం రొట్టె తిని లేస్తున్నడు. టేబుల్ మీద వేళ్ళతోని కొడుతున్నడు, టప్ ధన్, టప్ ధన్. నాకు పిచ్చి లేస్తున్నది."

చెప్పాను. రెండోసారి చెప్పడం కూడా సులువుగా లేదు.

ఆంటీ గాజులు తిప్పుకుంటూ విన్నది. "ఆ కవర్లు ఇస్తున్న నాడు నేను వద్దన్న. నువ్వు తలకాయ ఊపకున్నా ఇచ్చేటోడే. గాయన మనసు అప్పటికే ఓడెక్కింది." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "గీ మాట ఆయనతోని నేను చెప్ప. నువ్వు చెప్పినా ఒప్పుకోడు. నువ్వు గూడ ఒప్పుకోకు."

ఆమె వెళ్ళాక ఆ చివరి మాట గురించి చాలాసేపు ఆలోచించాను. ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే హాయిగా ఉంటుంది కనుకనే.

అక్టోబరు 24

ఇవాళ అద్దాలు వచ్చి ఉంటాయి. కబురు లేదు.

అక్టోబరు 27

పొద్దున కబురొచ్చింది. వెళ్ళాను. సార్ తనే తలుపు తీశారు. మందపు అద్దాల వెనక ఒక కన్ను రెండింతలై నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వు గింతేనా? ఇంక పొడుగుంటవనుకున్న."

లోపలికి వెళ్ళాను. టేబుల్ మీద ఫిన్లాండు ఆల్బం, నల్ల పళ్ళెం, బెంజీన్ సీసా. స్టాంపు ఇంకా పేజీలోనే ఉంది. మూడు రోజులుగా అద్దాలు పెట్టుకుని కూడా ఆయన ఆల్బం తెరవలేదు.

"పొయ్యి," అన్నారు.

స్టాంపు బోర్లా వేసి పోశాను. మూడు నల్లటి గీతలు పైకి తేలాయి. కింది అంచున రెండు, మూల దగ్గర ఒకటి. ఇద్దరం బెంజీన్ ఆవిరయ్యేదాకా వంగి చూశాం.

"ఇగ నీళ్ళు. మీ సిస్టరమ్మ తీరుగ."

"రంగు పోతుందేమో సార్."

"పోతె పోనీ."

గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు. రంగు పోలేదు. పావుగంటకు పళ్ళు ఒక్కొక్కటిగా వదిలి, నీళ్ళ మీద తేలాయి. నేను ముట్టుకోలేదు. సార్ పట్టకారుతో స్టాంపును పైకెత్తి వెలుతురుకు పట్టారు. అదే తొలిసారి ఆయన దాన్ని నిజంగా చూడటం. డాలు, సింహం, కిరీటం. హెల్సింగ్‌ఫోర్స్ ఊరి తపాలా ముద్ర సగం.

"స్టాంపు అసలుదే," అన్నారు.

"అసలుదే సార్."

"పండ్లు పెట్టినోడు గూడ పనోడే. కండ్లు మంచిగున్ననాడు ఉత్త చూపుతోని చూస్తె నేను గూడ మోసపోదును." పట్టకారు కింద పెట్టారు. "మోసపోవుడు వేరే బేటీ. చూడకపోవుడు వేరే."

"అవును సార్."

ఓడ కంపెనీకి ఉత్తరం రాయనా, కవర్లు తిరిగి దొరుకుతాయేమో అన్నాను. రాయమన్నారు. ఆ ఇంజనీరు కూడా ఎవరి మాట మీదనో కొన్నాడేమో, మర్యాదగా రాయమన్నారు. "వస్తె వస్తయి. రాకుంటె ఫిన్లాండుల ఎవడో ఒకడు మంచు పడుతుంటె ఇంట్ల కూసోని మా అబ్బాజాన్ ముద్రను భూతద్దం పెట్టి చూస్తుంటడు. ఆయన ఎన్నడు నిజామాబాద్ దాటలే. గంత దూరం పోయిండు."

ఇప్పుడు ఏడ్చారు. అద్దాలు తీసి, ఆపరేషన్ చేసిన కన్ను ముట్టుకోకుండా, చెంపలు మాత్రం తుడుచుకున్నారు.

సాయంత్రం దుకాణం రిజిస్టరు తీశాను. 1979 మార్చి పేజీలో నా చేతిరాత: "పళ్ళన్నీ ఉన్నవి. దోషం లేదు." దాని కింద రాశాను: "పది కోపెక్కులు. అసలైనది. మూడు పళ్ళు లేవు." సంతకం చేశాను. సార్ అద్దాలు సర్దుకుని రెండు వాక్యాలూ చదివారు. పైది కొట్టెయ్యమని అనలేదు.

నవంబరు 4

ఓడ కంపెనీ నుంచి జవాబు లేదు. ఇంకా తొందరే. సార్ నాతో మాట్లాడుతున్నారు, కానీ తక్కువ. నాలుగింటికి ఆల్బం అడగడం మానేశారు. ఆ వేళకు నాకు చేతులు ఖాళీ అయిపోతున్నాయి.

నవంబరు 13, శుక్రవారం

షార్జా నుంచి కృపాకర్ గారని తెనాలి వైపు ఇంజనీరు వచ్చారు. దగ్గర అయిదు కోపెక్కుల నీలం స్టాంపు, 1856 నాటిది. పైన తపాలా ముద్రకు బదులు కలంతో కొట్టిన అడ్డగీతలు. అసలుదా, తర్వాత కాలంలో మళ్ళీ అచ్చువేసిందా చెప్పమన్నారు. సార్ పళ్ళెం నావైపు జరిపారు.

"ఈవిడా?" అన్నారాయన.

"ఆమెనే. ఒకసారి తప్పు చెప్పింది. అసలే తప్పు చెప్పనోళ్ళు కావాల్నంటె వేరే దుకాణం చూసుకో."

చూశాను. కాగితం వెలుతురుకు పట్టాను. బెంజీన్ పోశాను. గీతల సిరా రంగులోకి ఇంకిన తీరు భూతద్దంతో చూశాను. కేటలాగు పక్కన పెట్టుకుని, స్టాంపు బొమ్మలోని తపాలా కొమ్ముబూరల్లో ఉండే చిన్న ముత్యాలను ఒక్కొక్కటే పోల్చాను. గంటన్నర. కృపాకర్ గారు రెండు టీలు తాగారు. కాగితం పాతదే. గీతలు మాత్రం నాకు నచ్చలేదు. నచ్చకపోవడం రుజువు కాదు.

"నాకు తెలియడం లేదండీ," అన్నాను.

"ఇంతసేపు చూసి తెలియలేదంటే ఎట్లాగమ్మా?"

"చూశాను. తెలియలేదు."

ఆయన సార్ వైపు తిరిగారు. సార్ అద్దాల మీద భూతద్దం పెట్టుకుని వంగారు. ఇంకో అరగంట. ఇంకో టీ.

"నాకు గూడ తెలుస్తలేదు," అన్నారు సార్.

కృపాకర్ గారు స్టాంపు జేబులో పెట్టుకుని, "ఇద్దరుండి ఏం లాభం," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. హలీమాబీ ఆంటీ గ్లాసులు తీయడానికి వచ్చింది.

"మూడు టీలు తాగిండు. ఒక్క బిళ్ళ గూడ కొనలే."

సార్ నవ్వారు. చాలా రోజులకు. నవ్వుతూనే రిజిస్టరు నా ముందుకు తోశారు.

రాశాను: "అయిదు కోపెక్కులు, నీలం. ఇద్దరం చూశాము. తెలియలేదు."